తీగవెంట తిరిగివచ్చు శక్తి

రేడియో గల ఇండ్లలో ఏరియల్ అను మాట తెలియనివారు లేరు. ఒకప్పుడు పెరటిలో రెండు వెదురుగడలు నాటి, వాని నడుమ రాగితీగ లాగి, దాని కొసను కిటికీగుండ లోనికి తెచ్చి పెట్టె వెనుక తగిలించుట గృహస్థులందరు ఎరిగిన పనియే. ఆ తీగ ఒక బార తగ్గినను, ఒక బార హెచ్చినను వార్తలు వినబడుట మానలేదు. ముడివద్ద చిలుము పట్టినచో కొంచెము గరగర వినవచ్చెడిది, అంతే. ధ్వనిని గ్రహించు ఏరియల్ అంతటి సాధువు. ప్రసారము చేయు ఏరియల్ అట్టిది కాదు. దాని స్వభావమెరిగి శక్తి నందింపవలెను. లేనిచో అందించిన దానిలో కొంత భాగమును వచ్చిన త్రోవనే వెనుకకు పంపివేయును.

ప్రసారకేంద్రములలో ఈ సంగతి ప్రతిదినము ఎదుట నుండును. మైక్రోఫోను ముందు కూర్చుండు మాబోటివారము దానిని మరచినను, ఊరి వెలుపల ట్రాన్స్‌మిటరు వద్ద కాపున్న ఇంజనీరు మరవడు. యంత్రము నుండి మాస్టు వరకు శక్తిని కొనిపోవు ఫీడరు, మాస్టు పాదము వద్ద దానిని ఏరియల్‌తో పొత్తు కలుపు చిన్న గది, తిరిగివచ్చు శక్తిని చూపు ముల్లు, ఆ ముల్లు హద్దు మీరినచో యంత్రము తనంతట తానే ఆగిపోవు ఏర్పాటు, ఇవన్నియు కలిసియే ప్రసారమనబడును. అమెరికాలో లారీ నడుపుచు ఒంటిచేతితో మాటాడు డ్రైవరుకు అట్టి ఇంజనీరు లేడు. అతని వద్ద నున్నది అరచేతి వెడల్పు మీటరొకటి. అది చూపు అంకె పెరిగినచో దాని భావమేమో, లోపము నెచ్చట వెదకవలెనో నేటి ప్రసంగమున చెప్పదలచినాము.

ముందుగా ఆ రేడియోను గూర్చి రెండు మాటలు. అమెరికాలో సామాన్య పౌరులు పరస్పరము మాటలాడుకొనుటకై 1958లో 27 మెగాహెర్ట్సు ప్రాంతమున 23 ఛానళ్లు కేటాయించిరి. దీనినే సిటిజన్స్ బ్యాండు, క్లుప్తముగా సి.బి. యందురు. 1973లో చమురు కరవు వచ్చినప్పుడు, పెట్రోలు ఎచ్చట దొరకునో, రోడ్డుపై ఎచ్చట అడ్డంకి యున్నదో ఒకరికొకరు చెప్పుకొనుటకు లారీ డ్రైవర్లు దీనినే చేపట్టిరి. దానితో దీని పేరు దేశమంతట మారుమ్రోగినది. 1977లో ఛానళ్లు 40 అయినవి. వానిలో 9వది ఆపదలకు, 19వది రహదారి ముచ్చట్లకు వాడుకయైనది. ఈ సెట్లకు అక్కడి చట్టము విధించిన హద్దు సాధారణ ప్రసారమునకు 4 వాట్లు. సింగిల్ సైడ్‌బ్యాండు అను పద్ధతిలో శిఖరశక్తి 12 వాట్లు. అంతకుమించి పెంచు ఆంప్లిఫయరును సి.బి. సెట్టునకు తగిలించుట నిషిద్ధము. ఈ ప్రాంతపు ఆంప్లిఫయర్ల తయారీని, అమ్మకమును అమెరికా ప్రభుత్వము 1978లోనే అరికట్ట పూనుకొన్నది. అయినను అవి వేరువేరు పేర్లతో అంగళ్లలో దొరకుచునే యున్నవి. తగిలించువారు తగిలించుచునే యున్నారు.

మన దేశమున 2005లో వచ్చిన ఉత్తర్వు ఈ బ్యాండులో 5 వాట్లకు మించని చిన్న సెట్లకు మాత్రమే లైసెన్సు అక్కర లేదన్నది. ఆంప్లిఫయరు మాట అందులో లేదు. ఇట్లుండగా ఈ చర్చ ఎందుకన్న ప్రశ్న న్యాయమైనదే. దీనికి పొరుగుననే, 28 మెగాహెర్ట్సు వద్ద, పరీక్ష యిచ్చి లైసెన్సు పొందిన అమెచ్యూరు రేడియోవారున్నారు. వారికి ఆంప్లిఫయరు చట్టసమ్మతమే. వారికిని ఇదే చిక్కు వచ్చును. దానిని విప్పు దారియు ఇదే. పైగా లోపమెక్కడనో తెలిసికొన్నవాడు ఆంప్లిఫయరును తీసివేయవలసిన సందర్భమును కూడ గుర్తింపగలడు.

ఫిర్యాదు తరచుగా ఇట్లుండును: "రేడియో ఒక్కటియే యున్నప్పుడు మీటరు 1.3 చూపుచున్నది. ఆంప్లిఫయరు వేయగనే 3 దాటుచున్నది. ఏరియల్ చెడినదా?"

ఆ మీటరు చూపునది స్థిరతరంగ నిష్పత్తి. ఎస్.డబ్ల్యు.ఆర్. అని పిలుచునది దీనినే. ఒక పొడవైన మోకును గుంజకు కట్టి రెండవ కొసను పట్టుకొని జాడించి చూడుడు. అల గుంజవరకు పరుగెత్తి, తాకి, వెనుదిరిగి మన చేతికే వచ్చును. పోవు అల, వచ్చు అల కలిసినచోట మోకు కొన్ని తావుల ఎగసిపడును, కొన్ని తావుల కదలక నిలుచును. 1888లో హెర్ట్జు అను జర్మను శాస్త్రజ్ఞుడు తన గదిలో జింకురేకును గోడవలె నిలిపి, విద్యుత్తరంగములును ఇట్లే వెనుదిరిగి స్థిరతరంగములుగా నిలుచునని చూపెను. కేబులు కొసను ఏరియల్ సరిగా పొత్తు కుదిరినచో అల వెనుదిరుగదు. అంతయు ఆకాశమున కెక్కును. అప్పుడు నిష్పత్తి 1. ఈ సెట్లు, వాని కేబుళ్లు 50 ఓముల ఇంపిడెన్సునకు తయారైనవి కనుక ఏరియల్ కూడ కేబులు కొసను అంతే కనబడవలెనని నియమము.

నిష్పత్తి 1.5 అయినచో వెనుదిరుగు శక్తి నూటికి 4 పాళ్లు. 2 అయినచో 11. 3 అయినచో 25. ఈ లెక్క తెలిసినవారు 1.5ను 1.1కి దించుటకు ఆదివారమంతయు ఎండలో నిచ్చెన యెక్కి దిగరు. 2 వరకు కంగారుపడ నక్కరలేదు. 3 వద్ద మాత్రము 100 వాట్ల ఆంప్లిఫయరుకు 25 వాట్లు తిరిగివచ్చును. అవియన్నియు వేడిగా మారునని కాదు. కాని ట్రాన్సిస్టరు తాను తట్టుకొనవలసిన వోల్టేజీకి, కరెంటుకు మించినదానిని మోయవలసివచ్చును. అది కాలునప్పుడు ముందుగా హెచ్చరిక చేయదు.

ఇక అసలు సంగతి. ఈ నిష్పత్తి ఏరియల్‌కును కేబులుకును నడుమ గల పొత్తును తెలుపునది. పంపిన శక్తి హెచ్చుతగ్గులతో దానికి పని లేదు. 4 వాట్లు పంపినప్పుడు నూటికి 2 పాళ్లు త్రిప్పికొట్టిన ఏరియల్, 100 వాట్లు పంపినను నూటికి 2 పాళ్లే త్రిప్పికొట్టవలెను. కావున ఆంప్లిఫయరు వేయగనే అంకె మారినదన్నచో, మారినది ఏరియల్ కాదనియే మొదట అనుమానింపవలెను. ఏరియల్‌ను కోయుటకు కత్తెర చేతపట్టిన వానిని అచ్చటనే ఆపి ఒక ప్రశ్న వేయవలెను: మీటరు ఎక్కడ ఉన్నది?

మీటరు రేడియోకును ఆంప్లిఫయరుకును నడుమ ఉన్నదనుకొందము. ఆంప్లిఫయరు ఆపియున్నప్పుడు లోపలి రిలే రేడియోను నేరుగా ఏరియల్‌తో కలుపును. మీటరు చూపునది ఏరియల్ సంగతియే. ఆంప్లిఫయరు పనిచేయ నారంభించినతోడనే ఆ దారి తెగిపోవును. అప్పుడు మీటరుకు కనబడునది ఆంప్లిఫయరు ముఖద్వారము మాత్రమే. దాని వెనుక ఏరియల్ ఉన్నదో లేదో మీటరెరుగదు. ఈ స్థితిలో అంకె 3 అయినచో, ఆంప్లిఫయరు లోపలికి వచ్చు భాగము 50 ఓములకు సరిపడలేదని అర్థము. చౌకగా తయారగు పెట్టెలలో ఇది మామూలే. ఏరియల్‌ను ఎంత సవరించినను ఈ అంకె దిగదు. లోపలి ట్యూనింగు భాగములను తెలిసిన పనివాడు సరిచేయవలెను.

ఇచ్చట ఒక మూఢనమ్మకమును ప్రస్తావింపక తప్పదు. కేబులు సరిగా 18 అడుగులే యుండవలెనని సి.బి. వారిలో పలువురు గట్టిగా నమ్ముదురు. రేడియోకు ఆంప్లిఫయరుకు నడుమనుండు తుండునకు 3 అడుగులే శ్రేష్ఠమని మరికొందరు. 27 మెగాహెర్ట్సు వద్ద తరంగదైర్ఘ్యము 11 మీటర్లు; అందులో సగము సుమారు 18 అడుగులు. లెక్క సరియే, కాని అది గాలిలో లెక్క. పాలిథీను నింపిన కేబులు లోపల తరంగము ఇంచుమించు మూడింట రెండు వంతుల వేగముతోనే పోవును గనుక అచ్చట అర్ధతరంగము 12 అడుగులే. పైగా పొత్తు కుదిరిన కేబులుకు ఏ పొడవైనను ఒకటే. పొడవు మార్చగనే అంకె దిగినదన్నచో రోగము కుదిరినట్లు కాదు. నాడి పట్టుకొన్న చోటు మారినది, అంతే. ఇంటిలో మిగిలిన టెలివిజను కేబులు తుండును వాడుట మరియొక పొరపాటు. చూచుటకు అన్నియు ఒకే నల్లతీగ; కాని అది 75 ఓములది.

ఇప్పుడు మీటరును ఆంప్లిఫయరు దాటించి ఏరియల్ వైపున పెట్టుదము. ముందుగా ఆ మీటరు ఎన్ని వాట్లు భరించునో దాని వెనుక చదువవలెను. ఈ చిన్న మీటర్లలో పెక్కింటికి వాడుక రెండు అంచెలది. మొదట మీట 'పోవు శక్తి' వైపునకు త్రిప్పి, ముల్లు కుడికొసకు వచ్చునట్లు గుండీ సవరింపవలెను. పిదప 'వచ్చు శక్తి' వైపునకు త్రిప్పి చదువవలెను. 4 వాట్లకు సవరించిన గుండీని అట్లే యుంచి, 100 వాట్లు పంపి, వచ్చు శక్తిని చదివినచో ముల్లు కుడివైపునకు పరుగెత్తక ఏమి చేయును? శక్తి మారినప్పుడెల్ల గుండీ మరల సవరింపవలెను. ఫిర్యాదులలో కొన్ని ఇచ్చటనే ముగియును.

ముగియనిచో డమ్మీ లోడు తెప్పింపవలెను. ఇది 50 ఓముల నిరోధకము. పంపిన శక్తినంతయు వేడిగా మార్చుకొని మ్రింగునేగాని ఆకాశమునకు వదలదు. ఆంప్లిఫయరు శక్తికి తగినంత పెద్దది కావలెను. ఏరియల్ కేబులును తీసి, ఆ స్థానమున దీనిని తగిలించి, కొద్దిసేపే ప్రసారము చేసి చూడవలెను. అప్పుడును అంకె హెచ్చుగానే యున్నచో ఏరియల్ నిర్దోషి. మీటరో, మీటరుకు అటునిటు నున్న తుండో, కొసల బిరడాలో చెడినవి. వంగిన చోట లోపలి తీగ తెగిన తుండులు, పైకి మెరయుచు లోపల అతుకు పట్టని బిరడాలు ఎన్నో. తుండును మార్చి చూచుటకు అయిదు నిమిషములు చాలును. అందుచే దానినే మొదట చేయుట మేలు.

డమ్మీ లోడుపై అంకె 1 వద్ద నిలిచినది; ఏరియల్‌పై రేడియో ఒక్కటియే 1.3 చూపినది, అయినను ఆంప్లిఫయరు, ఏరియల్ కలిసినప్పుడే 3 అగుచున్నది. ఈ చిక్కు వద్దనే చాలమంది తలపట్టుకొందురు. దీనికి కారణములు మూడున్నవి. ఒకటి హార్మోనిక్కులు. ఆంప్లిఫయరు మేలుది కానిచో 27తో పాటు దాని రెట్టింపు 54, మూడు రెట్లు 81 మెగాహెర్ట్సుల వద్ద కూడ శక్తిని వెదజల్లును. డమ్మీ లోడు వానినన్నిటిని సమముగా మ్రింగును గనుక మీటరు ప్రశాంతముగా నుండును. ఏరియల్ 27కు మాత్రమే తగినది, తక్కినవానిని త్రిప్పికొట్టును. మీటరుకు ఆ వివక్ష లేదు. తిరిగివచ్చినదెల్ల ఒకే గంపలో వేసి చూపును. ఆంప్లిఫయరు తరువాత, మీటరుకు ముందు, లో-పాస్ ఫిల్టరు పెట్టగనే అంకె దిగినచో దొంగ దొరకినట్లే.

ఈ హార్మోనిక్కుల మూలముననే అమెరికాలో ఒకప్పుడు ఇరుగుపొరుగులకు వైరములు పుట్టినవి. అక్కడి టెలివిజను రెండవ ఛానలు 54 నుండి 60 మెగాహెర్ట్సుల వరకు. సి.బి. ఛానళ్లలో చాలవాని రెట్టింపు సరిగా అందే పడును. ఒక ఇంట పెద్దమనిషి 'లీనియరు' వేసి మాటాడుచుండగా ప్రక్కయింట బొమ్మపై చారలు పడెడివి. మాటాడువానికి ఆ సంగతియే తెలియదు. అతడు చూచుచున్న మీటరు ఆ సంగతినే వేరొక భాషలో చెప్పుచుండెడిది.

రెండవ కారణము, శక్తి తక్కువగా నున్నప్పుడు ఓర్చుకొని, హెచ్చినప్పుడు లొంగిపోవు భాగము. బిరడాలో తేమ చేరినచోట 4 వాట్లకు ఏమియు కాదు. 100 వాట్లకు రవ్వలెగయును. లారీలపై నుండు పొట్టి ఏరియళ్లకు అడుగున తీగచుట్ట యుండును. అది వేడెక్కినకొలది దాని గుణము మారును. మీటరును చూచుచుండగానే అంకె మెల్లమెల్లగా పైకి ప్రాకినచో ఇదియే యని యెంచవచ్చును. ప్రసారము ఆపి, ఆంప్లిఫయరుకు కరెంటు తీసి, ఆ తరువాతనే చేతితో తాకి వేడి చూడవలెను. ప్రసారము జరుగుచుండగా ఏరియల్‌ను తాకినచో చర్మము కాలును.

మూడవది, కేబులు పైపొరవెంట పారు ప్రవాహము. శక్తి కేబులు లోపల పోవలెను. ఏరియల్ పాదము వద్ద ఎర్తు సరిగా లేనప్పుడు కొంత భాగము పైజాలివెంట వెనుకకు పారి, మీటరులోనికి, మైకులోనికి కూడ దూరును. 4 వాట్లకే ప్రసారము చేయుచు కేబులును అటునిటు కదల్చి చూడుడు. అంకె మారినచో ఇది తప్పదు. ఏరియల్ పాదము వద్ద కేబులును కొన్ని చుట్లు చుట్టి కట్టుట కొంత చికిత్స. ఎర్తు బాగుచేయుట అసలు చికిత్స.

ఎర్తు అన్నచో ఇండ్లలోవలె నేలలో పాతిన కడ్డీ కాదు. లారీకి దాని ఇనుప శరీరమే భూమి. ఏరియల్ సగమే మనకు కనబడును. రెండవ సగము ఆ ఇనుమే. రంగు గోకకుండ బిగించిన పట్టీ, తుప్పు పట్టిన అద్దపు కడ్డీ, ఫైబరు తొడుగు, వీనిలో ఏ యొక్కటి అడ్డువచ్చినను ఏరియల్ ఒంటికాలిపై నిలిచినట్లే. ఆంప్లిఫయరు మాట దేవుడెరుగు. అప్పుడు రేడియో ఒక్కటియే యున్నను అంకె దిగదు. ఏరియల్ పొడవును శంకించుటకు ఈ తనిఖీ అయిన పిదపనే హక్కు కలుగును. ఆంప్లిఫయరును పూర్తిగా తొలగించి, బయలు ప్రదేశమున నిలిపి, 1, 20, 40 ఛానళ్లలో మూడు అంకెలు వ్రాసికొనవలెను. 1వ ఛానలులో హెచ్చుగా, 40వ దానిలో తక్కువగా నున్నచో ఏరియల్ పొట్టి, తారుమారైనచో పొడుగు. మూడింటను 3 దాటినచో పొడవు కొలుచుట వ్యర్థము. తెగినదో, అంటుకొన్నదో, ఎర్తు లేనిదో ఏదో ఒకటి వెదకవలెను.

హెచ్చు అంకెను గూర్చి ఇంతసేపు మాటాడితిమి. తక్కువ అంకెను గూర్చి కూడ ఒక హెచ్చరిక అవసరము. పాతబడి, నీరు త్రాగిన కేబులు శక్తిని దారిలోనే హరించును. ఏరియల్‌కు చేరునది సగము. అచ్చట వెనుదిరిగిన దానిలో మీటరుకు చేరునది మరల సగము. ఇట్టి కేబులు చివర ఏరియల్‌ను పూర్తిగా ఊడదీసినను మీటరు 3కి మించి చూపజాలదు! ఏరియల్ ఉన్నప్పుడు అది 1.2 చూపి యజమానిని సంతోషపెట్టును. డమ్మీ లోడును మీటరు ప్రక్కన గాక కేబులు చివరి కొసను తగిలించి, అచ్చటికి ఎన్ని వాట్లు చేరుచున్నవో కొలిచినప్పుడే నిజము బయటపడును.

ఇంత శ్రమకు ప్రతిఫలమెంత? రేడియోలలో ధ్వనిబలమును చూపు ఎస్-మీటరు ఒక్క మెట్టు ఎక్కవలెనన్నచో శక్తి నాలుగు రెట్లు కావలెను. 4 వాట్లు 16 అయినచో ఒక మెట్టు. 64 అయినచో రెండు మెట్లు. 100 వాట్లకు రెండు మెట్లు దాటి కొంచెము. దీనికై బండి బ్యాటరీ నుండి 15 ఆంపియర్ల కరెంటు లాగవలెను. అందుకు తగిన లావుతీగ, ఫ్యూజు లేనిచో నిప్పంటుకొను భయము. అదే సమయమున ఎర్తు లేక, కేబులు తడిసి, ఒక మెట్టు ఎవరికిని తెలియకుండ పోవుచుండవచ్చును. 4 వాట్లనే మంచి ఏరియల్‌కు పూర్తిగా అందించినవాని మాట, 100 వాట్లను తడి కేబులులో పోసినవాని మాటకంటె శుభ్రముగా వినబడుట ఆశ్చర్యము కాదు. మా యభిప్రాయమడిగినచో సి.బి. వారికి ఆంప్లిఫయరు దండుగ, చట్టవిరుద్ధము కూడను. అమెచ్యూరువారికి అవసరమే కాని ఫిల్టరు లేనిది ఎంత చౌకయైనను ఇంటికి తేదగదు.

ఇంటిపై ఏరియల్ గలవారు సవరణకై గొట్టమును దించునప్పుడును, ఎత్తునప్పుడును చుట్టుపట్ల కరెంటు తీగలను చూచుకొనవలెను. గొట్టము పూర్తి పొడవున ఒరిగిపడినను తీగకు తగులనంత దూరమున నిలుపవలెను. గాలివానలో, మబ్బు మెరయుచున్నప్పుడు ఈ పని ముట్టరాదు. కేబులును సెట్టు నుండి ఊడదీసి యుంచుట మేలు. సవరణ అయిన పిదప మూడు ఛానళ్ల అంకెలను తేదీతో ఒక కాగితముపై వ్రాసి సెట్టు అడుగున అంటించుడు. మరుసటి వానకాలము తరువాత మరల కొలిచి, ఆ కాగితముతో పోల్చి చూడవచ్చును.